వ్రాతకు తాళము పడిన పెన్‌డ్రైవు

(రజతోత్సవ సందర్భమున ఉపన్యాస పాఠము)



గ్రంథాలయమునకు రెండు ధర్మములు కలవు. ఉన్నదానిని చదువరికి అందించుట మొదటిది. ఉన్నది చెడకుండ మరుసటి తరమునకు నిలుపుట రెండవది. ఈ రెండవ ధర్మమును ఒంగోలు ప్రాంతమువారికి క్రొత్తగ బోధింప నక్కరలేదు. చీరాల సమీపమున ఉన్న వేటపాలెములో సారస్వత నికేతనము 1918లో వెలసినది. 1929లో గాంధీజీ ఆ గ్రంథాలయమునకు విచ్చేసిరి. పాత పత్రికల సంపుటములు అచ్చట భద్రముగ ఉండుటచేతనే దూరదేశముల పరిశోధకులు సైతము ఆ ఊరు వెదకికొని వచ్చుచుందురు. పుస్తకము కొనుట ఒకనాటి పని. దానిని నిలుపుట ప్రతినాటి పని.

అయితే నిలుపవలసిన వస్తువు రూపము మారినది. తాటాకు తరువాత కాగితము వచ్చినది. కాగితము ప్రక్కన నేడు పెన్‌డ్రైవు వచ్చి కూర్చున్నది. ఈ పరికరము అంగడికి వచ్చినది 2000 సంవత్సరములో. అనగా రజతోత్సవమునకు ఎన్ని ఏండ్లు కావలెనో దాని వయస్సు దాదాపు అంతయే. ఆ యేటి చివర ఐ.బి.ఎం. వారు అమ్మిన పెన్‌డ్రైవులో పట్టినది 8 మెగాబైట్లు మాత్రమే. నేడు విద్యార్థి చొక్కాజేబులో ఉండు 64 గిగాబైట్ల పెన్‌డ్రైవు దానికి ఎనిమిదివేల రెట్లు పెద్దది. గ్రంథాలయపు పుస్తకముల పట్టిక, సభ్యుల జాబితా, పాఠశాల పిల్లల వ్యాసములు, పెండ్లి ఫోటోలు, పట్టాదారు పాసుపుస్తకపు నకళ్ళు, డి.టి.పి. కేంద్రమునకు పంపవలసిన సంచిక పుటలు, ఇవన్నియు బొటనవ్రేలంత వస్తువులో ఇమిడియున్నవి. కావున ఆ వస్తువు మొరాయించిన దినమున ఏమి చేయవలెనో, అంతకంటె ముఖ్యముగ ఏమి చేయరాదో, గ్రామమున పదిమందికైనను తెలిసియుండుట మేలు.

పెన్‌డ్రైవునకు వచ్చు జబ్బులలో ఒకటి మిక్కిలి తికమక పెట్టునది. కంప్యూటరునకు తగిలింపగనే అది కనబడును. లోని ఫైళ్ళు తెరచుకొనును, చదువవచ్చును, చూడవచ్చును. క్రొత్తది వ్రాయబోయినను, పాతది చెరుపబోయినను, 'ది డిస్క్ ఈజ్ రైట్ ప్రొటెక్టెడ్' అని తెరపై మాట వచ్చును. వ్రాతనుండి ఈ డిస్కు రక్షింపబడియున్నదని దాని భావము. చదువుటకు తలుపు తెరచియున్నది; వ్రాయుటకు మాత్రము తాళము పడినది.

ఈ తాళము క్రొత్త వింత కాదు. పాటల క్యాసెట్ల కాలము ఎరిగినవారు దీనిని ఎరిగినవారే. క్యాసెట్టు వెనుక అంచున రెండు చిన్న ప్లాస్టిక్ రేకులు ఉండెడివి. వానిని విరిచివేసినచో ఆ పాటలపై మరియొకటి రికార్డు చేయ వీలుకాదు. తిరిగి రికార్డు చేయదలచినవారు ఆ గుంటపై అంటుకాగితము అతికించెడివారు. మూడున్నర అంగుళముల ఫ్లాపీలో చిన్న జారుడు మీట ఉండెడిది. దానిని జరిపి రంధ్రము తెరచినచో వ్రాత ఆగెడిది. ఈ ఏర్పాట్లన్నియు విలువైనదానిని పొరపాటు చేతినుండి కాపాడుటకు పుట్టినవే. గ్రంథాలయమున నిఘంటువును ఇంటికి ఇయ్యరు గాని అచ్చటనే కూర్చుండి చదువుకొననిత్తురు, ఇదియు అట్టిదే. కావున తాళమును చూడగనే శత్రువని తలచి బ్రద్దలు కొట్టబూనుట తగదు. అది ఎవరు వేసినది, ఎందులకు వేసినది అని ముందు విచారింపవలెను.

ఇందులకు మిరపకాయల గిడ్డంగి ఒకటి ఊహించుకొనుడు. ఒక ఉదయమున బస్తాలు తెచ్చిన రైతును లోనికి దింపనీయరు. కారణములు నాలుగు ఉండవచ్చును. యజమానియే తలుపునకు గొళ్ళెము పెట్టియుండవచ్చును. పైనుండి ఉత్తరువు వచ్చియుండవచ్చును. గుమాస్తా చిట్టాలో లెక్క తప్పి, అది తేలువరకు క్రొత్త సరకు వద్దని ఉండవచ్చును. లేదా కప్పు దూలము బీటలు వారినదని ఇంజనీరు చూచి, 'ఇక బరువు పెట్టరాదు. ఉన్న బస్తాలు తీసికొనిపొండు' అని ఉండవచ్చును. నాలుగు సందర్భములలోను రైతు చెవిని పడు మాట ఒక్కటే: 'దింపరాదు.' కాని మొదటి మూడింటికి పరిష్కారము ఉన్నది. నాలుగవదానికి తలుపు పగులగొట్టి బస్తాలు వేసినచో కప్పు కూలును. పెన్‌డ్రైవు తాళమును గూర్చి తెలిసికొనవలసిన సారమంతయు ఈ పోలికలో ఉన్నది.

కారణమేదైనను, మొట్టమొదట చేయవలసిన పని ఒక్కటే. చదువ వీలున్నంతలోనే, లోపల ఉన్నదంతయు కంప్యూటరులోనికిగాని మరియొక డిస్కులోనికిగాని ఎత్తి వ్రాసికొనవలెను. వ్రాతకు తాళము పడినను చదువునకు పడలేదు గదా! ఆ అవకాశము రేపటివరకు ఉండునని ఎవరును హామీ ఇయ్యజాలరు. పందొమ్మిదవ శతాబ్దమున చార్లెస్ ఫిలిప్ బ్రౌను తెలుగు తాళపత్రములను సేకరించినపుడు, పండితులను నియమించి, శిథిలమగుచున్న ప్రతులకు శుద్ధప్రతులు వ్రాయించెను. పాత ఆకును బాగుచేయుటకంటె అందలి అక్షరమును క్రొత్త కాగితముపైకి దాటించుటయే ముఖ్యమని ఆ పని చాటుచున్నది. పెన్‌డ్రైవు విషయమునను న్యాయము అదియే. ముందు నకలు, పిదప చికిత్స. నకలు తీసిన తరువాత నాలుగైదు ఫైళ్ళు తెరచి, అవి సరిగా వచ్చినవో లేవో చూచుకొనవలెను. చికిత్సకై చేయు పనులలో కొన్ని లోని ఫైళ్ళను మార్చును, కొన్ని తుడిచివేయును. కావున ఈ వరుస తప్పరాదు.

నకలు భద్రమైన తరువాత నాలుగు కారణములను ఒక్కొక్కటిగా పరీక్షింపవచ్చును.

మొదటిది యజమాని గొళ్ళెము. కొన్ని పెన్‌డ్రైవులకు ప్రక్కన చిన్న మీట ఉండును. కెమెరాలలో వాడు పెద్ద ఎస్.డి. కార్డులకును, ఫోను చిన్నకార్డును దూర్చు తొడుగులకును ఎడమ అంచున అట్టి మీటయే ఉండును. సంచిలో రాపిడికి అది తనంతట తానే జారుట కలదు. కార్డును బంగారు చుక్కలవైపునకు మీట జరిపినచో వ్రాత సాగును. ఇచ్చట ఒక విశేషము కలదు. ఈ మీటకు కార్డు లోని చిప్‌తో ఏ సంబంధమును లేదు. అంచున ఉన్న గాడి మూసియున్నదా తెరచియున్నదా అని కార్డు చదువు యంత్రము చూచును, అంతే. గాడి తెరచియున్నచో వ్రాయరాదని గ్రహించును. కావున మీట విరిగి పడిపోయినచో కార్డు ఎప్పుడును తాళము పడినట్లే కనబడును. గాడిపై సన్నని అంటుకాగితము అతికించినచో పని జరుగును. క్యాసెట్ల నాటి ఉపాయము ఇన్నాళ్ళకు మరల అక్కరకు వచ్చినదన్నమాట.

రెండవది పైఉత్తరువు. పెన్‌డ్రైవులో దోషము లేకున్నను కంప్యూటరే వ్రాతను అడ్డగింపవచ్చును. దీనిని పసిగట్టుట సులభము. అదే పెన్‌డ్రైవును మరియొక కంప్యూటరునకు తగిలించి చూడవలెను. అచ్చట వ్రాసినచో దోషము మొదటి కంప్యూటరుది. విండోస్ ఎక్స్.పి.కి 2004లో వచ్చిన రెండవ సర్వీస్ ప్యాక్‌తో, యు.ఎస్.బి. పరికరములన్నింటికి వ్రాతను నిషేధించు ఏర్పాటు ఒకటి వచ్చినది. రిజిస్ట్రీ అను లోపలి పట్టికలో 'స్టోరేజ్ డివైస్ పాలసీస్' అను శాఖ క్రింద 'రైట్ ప్రొటెక్ట్' అను విలువ 1గా ఉన్నచో నిషేధము. 0గా మార్చి కంప్యూటరును తిరిగి నడిపించినచో అనుమతి. ఆ శాఖయే లేకున్నచో నిషేధము అచ్చటినుండి రాలేదని అర్థము. సొంత కంప్యూటరైనచో తెలిసినవారి సహాయముతో దీనిని సరిచేయవచ్చును. కార్యాలయములందును, బ్యాంకులందును ఈ నిషేధమును బుద్ధిపూర్వకముగనే పెట్టుదురు. లోని సమాచారము బయటకు పోకుండుటకు అది కాపలా. అట్టిచోట బాధ్యుడైన అధికారిని అడుగుటయే మార్గము. దొంగచాటుగ తీయబూనుట తప్పు.

ఉత్తరువు కంప్యూటరులో కాక డిస్కుపైననే గుర్తుగ పడియుండుటయు కలదు. దీనిని తొలగించుటకు విండోస్‌లో 'డిస్క్‌పార్ట్' అను సాధనము కలదు. అడ్మినిస్ట్రేటరు హోదాతో కమాండ్ ప్రాంప్ట్ తెరచి, ఇంగ్లీషు అక్షరములలో 'డిస్క్‌పార్ట్' అని టైపు చేయవలెను. పిదప 'లిస్ట్ డిస్క్' అనగా డిస్కుల జాబితా వచ్చును. పెన్‌డ్రైవు ఏదో దాని పరిమాణమునుబట్టి గుర్తించి, 'సెలెక్ట్ డిస్క్' అని దాని అంకె చేర్చవలెను. తరువాత 'ఆట్రిబ్యూట్స్ డిస్క్ క్లియర్ రీడ్‌ఓన్లీ' అని టైపు చేయవలెను. 'రీడ్‌ఓన్లీ' అనునది ఖాళీ లేక ఒకే మాటగా ఉండవలెను. అంకె విషయమున మిక్కిలి జాగరూకత కావలెను. సున్న అంకె గలది సాధారణముగ కంప్యూటరు సొంత డిస్కు. అంకె నిశ్చయముగ తెలియనివారు పెన్‌డ్రైవును తీసి ఒకసారి, పెట్టి ఒకసారి జాబితా చూచినచో ఏది ఎక్కువగ వచ్చినదో తెలియును. ఇదే సాధనములో 'క్లీన్' అను మరియొక ఆజ్ఞ కలదు. పేరు శుభ్రము, పని సర్వనాశనము. అది డిస్కు విభాగముల పట్టికను తుడిచివేయును. నకలు భద్రముగ లేనివారు దానిని తలపనైనను తలపరాదు.

మూడవది చిట్టా తగవు. పెన్‌డ్రైవులో ఏ ఫైలు ఎచ్చట ఉన్నదో తెలుపు చిట్టా ఒకటి ఉండును. వ్రాయుచుండగ కరెంటు పోయినను, పని ముగియకముందే పెన్‌డ్రైవు పెరికినను, ఆ చిట్టా సగములో ఆగును. అంతట లెక్కకును సరకునకును పొత్తు కుదరదు. లినక్స్‌తో నడచు కంప్యూటర్లు ఇట్టి తప్పును కనిపెట్టినచో, మరింత చెడకుండుటకై ఆ డిస్కును చదువుటకు మాత్రమే వీలుగ మార్చును. చిట్టా సరిచేయు వరకు వ్రాత సాగదు. విండోస్‌లో ఈ మరమ్మతునకు 'చెక్‌డిస్క్' అను సాధనము కలదు. పెన్‌డ్రైవు గుర్తుపై కుడిమీట నొక్కి, 'ప్రాపర్టీస్' లోని 'టూల్స్' విభాగమున 'చెక్' అనిన చాలును. లినక్స్‌లో 'ఎఫ్.ఎస్.సి.కె.' అనునది అదే పని చేయును. డిస్కునకు వ్రాత తాళము పడియున్నదని చెక్‌డిస్క్ తానే ఆగిపోయినచో, తగవు చిట్టాలో కాదు, మరియొకచోట ఉన్నదని గ్రహింపవలెను.

తాళము కానిదానిని తాళమని భ్రమపడుట కూడ కలదు. ఎఫ్.ఎ.టి. 32 పద్ధతిలో సిద్ధము చేసిన పెన్‌డ్రైవులో 4 గిగాబైట్లకు మించిన ఒక్క ఫైలు పట్టదు. ఖాళీ ఎంత ఉన్నను పెండ్లి వీడియో ఎక్కలేదని చింతించువారికి కారణము ఇదియే. విండోస్‌లో ఎన్.టి.ఎఫ్.ఎస్. పద్ధతిలో సిద్ధమైన డిస్కును ఆపిల్ వారి మ్యాక్ కంప్యూటరు చదువును గాని, తనంతట వ్రాయదు. వీనిలో ఏదియు జబ్బు కాదు.

ఇక నాలుగవది, బీటలు వారిన దూలము. దీనిని గ్రహించుటకు పెన్‌డ్రైవు లోపల ఏమి జరుగునో కొంత తెలియవలెను. జపాను దేశమున తోషిబా సంస్థలో పనిచేసిన ఫుజియో మసుయోకా 1980 దశకమున కనిపెట్టిన ఫ్లాష్ మెమొరీయే దీని ప్రాణము. అందు కోట్లకొలది సూక్ష్మమైన గదులు ఉండును. ప్రతి గదిచుట్టును విద్యుత్తును పోనీయని పలుచని పొర ఒకటి ఉండును. ఎక్కువ వోల్టేజితో ఎలక్ట్రానులను ఆ పొర దాటించి లోపల బంధించుటయే వ్రాత. వానిని వెలికి లాగుటయే చెరుపుట. కరెంటు తీసినను లోపలివి లోపలనే ఉండును. కావుననే జేబులో ఉన్నను వ్రాత నిలుచును. కాని వ్రాసి చెరిపిన ప్రతిసారియు ఆ పొర కొంత అరుగును. గదికి ఒక్క గుర్తు మాత్రమే నిలుపు పాత మేలురకపు చిప్పులు సుమారు లక్షసార్లు ఓర్చును. గదికి మూడు గుర్తులు ఇరికించు చౌకరకములు ఓర్చునది వేయి, లేక కొన్ని వేల సార్లు మాత్రమే. పలకపై ఒకేచోట వ్రాసి తుడిచి, వ్రాసి తుడిచి, నలుపు పోయిన చందము ఇది.

ఈ అరుగుదలను కనిపెట్టుటకు పెన్‌డ్రైవులో కంట్రోలరు అను చిన్న చిప్ కలదు. చెడిన గదులను అది ప్రక్కకు నెట్టి, ముందుగనే దాచియుంచిన మిగులు గదులను వాని స్థానమున పెట్టుచుండును. ఆ మిగులు కూడ అయిపోయిన దినమున, ఇక వ్రాసినచో వ్రాత నిలువదని గ్రహించి, పెక్కు కంట్రోలర్లు వ్రాతకు శాశ్వతముగ తాళము వేయును. ఇదియే ఇంజనీరు హెచ్చరిక: 'ఇక బరువు పెట్టరాదు, ఉన్నది తీసికొనిపొండు.'

దీనిని గుర్తించు ఉపాయము కూడ డిస్క్‌పార్ట్‌లోనే కలదు. పెన్‌డ్రైవును ఎన్నుకొనిన తరువాత 'ఆట్రిబ్యూట్స్ డిస్క్' అని మాత్రము టైపు చేసినచో రెండు వరుసలు చూడవచ్చును. 'రీడ్‌ఓన్లీ' అను వరుసలో 'నో' అని ఉండి, 'కరెంట్ రీడ్‌ఓన్లీ స్టేట్' అను వరుసలో 'ఎస్' అని ఉన్నచో, డిస్కుపై గుర్తు ఏదియు లేదు, అయినను వ్రాత ఆగియున్నదని అర్థము. మీట లేక, రెండు మూడు కంప్యూటర్లలోను ఇదే కనబడినచో, తాళము వేసినది పరికరమే అని దాదాపు నిశ్చయింపవచ్చును. అటుపిమ్మట ఫార్మాటు చేయబూనుట వృథా. ఇంటర్నెట్‌లో దొరకు ఉచిత మరమ్మతు సాధనములను దింపుకొని నడుపుట వృథా మాత్రమే కాదు, అపాయము కూడ. వానిలో పెక్కింటివెంట వైరసులు వచ్చును. ఏ అంగడివారైనను దీనిని క్రొత్తదానివలె చేసి ఇత్తుమన్నచో, గదులు అరిగిన చిప్‌నకు ఆయుష్షు పోయు మందు లేదని గుర్తుంచుకొనవలెను. గ్యారంటీ గడువు ఉన్నచో తయారీదారు క్రొత్త పెన్‌డ్రైవు ఇచ్చును; పాతదానిలోని ఫైళ్ళను మాత్రము ఇయ్యడు. నకలు ముందు తీసికొనినవారికి ఈ నాలుగవ కారణము ఒక చిన్న ఖర్చు; తీయనివారికి అది తీరని నష్టము కావచ్చును.

ఇచ్చట మరచిపోవు సంగతి ఒకటి కలదు. వ్రాయ వీలులేని పెన్‌డ్రైవులో చెరుపుటకును వీలులేదు. అందు ఆధారు నకళ్ళో, పొలము కాగితములో, కుటుంబపు ఫోటోలో ఉన్నచో, అవి ఎవరి చేతబడిన వారికి కనబడుచునే ఉండును. కావున దానిని పిల్లలకు ఆటవస్తువుగ ఇయ్యరాదు; ఆలోచింపక గ్యారంటీకి పంపరాదు; పెంటకుప్పపై వేయరాదు. లోని చిప్‌ను సుత్తితో పగులగొట్టి, ఎలక్ట్రానిక్ వ్యర్థములు తీసికొనువారికి అప్పగించుట ఉత్తమము. తగులబెట్టరాదు, ఆ పొగ విషము.

చికిత్స ఎంత తెలిసినను, జబ్బు రాకుండ చూచుకొనుట మేలు. పెన్‌డ్రైవును పెరుకుటకు ముందు 'ఎజెక్ట్' అనుదానిని నొక్కి, తీయవచ్చునను మాట వచ్చిన పిదపనే తీయవలెను. కరెంటు తరచు పోవు ఊళ్ళలో యు.పి.ఎస్. లేని కంప్యూటరుపై పెద్ద ఫైళ్ళు ఎక్కింపకుండుట మంచిది. పెన్‌డ్రైవు మోసికొనిపోవు సంచియే గాని గిడ్డంగి కాదు. ఏండ్లతరబడి బీరువాలో పడియున్నచో బంధించిన విద్యుత్తు మెల్లగ కారిపోయి అక్షరము చెడవచ్చును. కావున ముఖ్యమైన ప్రతిదానికి మూడు ప్రతులు ఉండవలెను. అవి రెండు విధములైన పరికరములపై ఉండవలెను. ఒకటి మరియొక ఊరిలో ఉండవలెను. ఈ చివరి నియమము కోస్తావారికి మరీ అవసరము. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన ఇంటిని, ఇంటి పెట్టెను వేరుచేసి చూడలేదు.

తాళము బాధ మాత్రమే కాదు, ఉపకారము కూడ. మీట గల పెన్‌డ్రైవు గ్రంథాలయమునకు ఒకటి కొనిపెట్టుకొనుట తెలివైన పని. ఒంగోలు డి.టి.పి. కేంద్రమునకో, మరియొక ఊరి కంప్యూటరునకో సంచిక పుటలు తీసికొనిపోవునపుడు మీట వేసి తీసికొనిపోయినచో, అచ్చటి వైరసు దీనిలోనికి ఎక్కజాలదు. ఎవరును పొరపాటున చెరుపజాలరు. పని ముగించి వచ్చిన తరువాత మీట తీయవచ్చును. గడపకు గొళ్ళెము ఉన్న ఇంటివారు దానిని ఎప్పుడు వేయవలెనో, ఎప్పుడు తీయవలెనో ఎరిగియుందురు గదా!

గ్రంథాలయములు ఈ విద్యను తమ సేవలలో చేర్చుకొనుట సమయోచితము. పుస్తకపు అట్ట ఊడినచో అంటించి ఇచ్చు గ్రంథపాలకుడు, పెన్‌డ్రైవు మొరాయించిన విద్యార్థికి ముందు నకలు తీసి ఇచ్చినచో, ఆ బాలుని ఏడాది శ్రమ నిలుచును. ఇందులకు పెద్ద యంత్రములు అక్కరలేదు. ఒక కంప్యూటరు, ఖాళీ డిస్కు ఒకటి, తొందరపడని చేయి చాలును. నకలు తీయుట, మీట చూచుట, కంప్యూటరు మార్చుట, గుర్తు తొలగించుట, చిట్టా సరిచూచుట, ఏదియు ఫలింపనిచో పరికరమునకు విశ్రాంతి ఇచ్చుట: ఈ ఆరు మెట్లను ఒక కాగితముపై వ్రాసి కంప్యూటరు ప్రక్కన గోడకు అంటించినచో, ఊరిలో ఒకని ఫైలైనను దక్కును. తాటాకు అరిగినను దానిపై అక్షరము నేటికి నిలిచినది; ఎవరో ఒకరు సకాలమున కూర్చుండి దానికి ప్రతి వ్రాసిరి. ఆ పని నేడును గ్రంథాలయముదే.